నీటికి వెఱచు బట్టలు

గోదావరి తూర్పు డెల్టాలో, ద్రాక్షారామ భీమేశ్వరాలయమునకు కొద్ది మైళ్ళ దూరమున, రామచంద్రపురమను పట్టణము కలదు. ఊరి చుట్టును వరిచేలు. చేల నడుమ కాలువలు. ఆర్థర్ కాటన్ దొర 1847లో ధవళేశ్వరమువద్ద ఆనకట్ట పని ఆరంభించి 1852 నాటికి ముగించిన తరువాత ఈ ప్రాంతమున నీటికి కఱవు తగ్గినది. నీరు సమృద్ధిగా ఉన్నచోట బట్టలుదుకుటయు నొక విద్యగా పెరుగును. కాలువగట్టున రాతిబండలు, వాని వెనుక తెల్లని పంచెలు ఆరు దండెములు, తెల్లవాఱక మునుపే బండపై బట్ట మోదు చప్పుడు: డెల్టాలో పుట్టి పెరిగిన పెద్దలు వీనిని మఱవరు.

రేవులో రజకులు చేసెడి పని పైకి కనిపించినంత తేలికైనది కాదు. మైలబట్టలను ముందుగా చవుటిమన్ను కలిపిన నీటిలో తడిపెడివారు. చవుటిమన్నులో సోడాక్షారముండును, అది జిడ్డును విడగొట్టును. పిదప ఆ బట్టలను పెద్ద బానపై పేర్చి, క్రింద మంటపెట్టి, ఆవిరిలో ఉబ్బవేసెడివారు. మఱునాడు బండపై బాది, కాలువలో జాడించి, గంజియు నీలిమందును పెట్టి ఎండవేసెడివారు. ఒక్క సబ్బుబిళ్ళ లేకుండ పంచెను మల్లెపూవువలె తెల్లగా చేయగల ఈ పద్ధతి రసాయనశాస్త్ర గ్రంథములు తెలుగునకు రాకమునుపటిది. అయితే, అదే చేతికి పట్టుచీర వచ్చినపుడు దానిని మూటలో కలుపక విడిగా ఉంచెడివారు. చవుడు, ఉబ్బ, బండ: ఈ మూడింటిలో ఒక్కదానికిని పట్టు ఓర్చుకొనలేదు.

ఎందువలన? దూది చెట్టున కాయును. పట్టు పురుగునోట పుట్టును. దూదిపోగు సెల్యులోజను పదార్థముతో ఏర్పడినది. వరిగడ్డిలోను, కట్టెలోను ఉన్నదియు అదియే. దానిని క్షారముతో ఉడికించినను అంతగా చెడదు. పట్టుపోగు మాంసకృత్తు. మనుష్యుని వెండ్రుకయు, గొఱ్ఱె ఉన్నియు ఈ జాతిలోనివే. క్షారము మాంసకృత్తులను కొఱుకును. కనుకనే సోడాలోను, ఘాటైన సబ్బులోను నానిన పట్టు నిగనిగ పోయి, పట్టుకొన్నచోట చీలిపోవును. ఇంకొక విశేషము: నూలుదారము తడిసినపుడు మునుపటికంటె బలపడును, పట్టుదారము తడిసినపుడు కొంత బలము కోల్పోవును. రేయాను అనబడు కృత్రిమపు పట్టు ఇంకను దుర్బలము. పొడిగా ఉన్నపుడు గట్టిగానే తోచును గాని, తడిసిన క్షణమున బలము దాదాపు సగమునకు పడిపోవును. బండపై బాదిన రేయానుచీర రెండు పండుగలకు నిలువదు.

ఉన్ని విషయము వేఱు. ఉన్నిపోగును సూక్ష్మదర్శినితో చూచినచో చేప పొలుసులవంటి పొలుసులు కనబడును. వేడినీటిలో నులిమినపుడు ఆ పొలుసులు ఒకదానితో నొకటి చిక్కుకొని మఱల విడిపోవు. పెద్దవాని స్వెట్టరు పసివానికి సరిపోవునట్లు కుంచించుకొనిపోవుటకు కారణమిదియే.

ఇవి గాక, నేతలోనే నీటికి విరోధమున్న బట్టలు కొన్ని కలవు. గద్వాల చీరకు నడుమ నూలు, అంచునకును కొంగునకును పట్టు. రెండును ఒకే విధముగ కుంచించుకొనవు. మొదటి తడుపులో నూలుభాగము ముడుచుకొన్నచో అంచు అలలు తేలును. కంచిపట్టులో నడిమి రంగొకటి, అంచు రంగొకటి. అంచులోని ఎఱుపు నిలుకడ లేనిదైనచో పసుపువన్నె నేలపై మరకలు దిగును. జార్జెట్టు దారమును మిక్కిలి బిగువుగ పురిపెట్టుదురు. తడిసినపుడు ఆ పురి తన బిగువును జూపి బట్టను కుదించును. ఉప్పాడ జామ్‌దానీలో పూవులను విడి దారములతో చేతితో నేయుదురు. మోటుగ రుద్దినచో ఆ పోగులు లేచిపోవును. జరీ మాట చెప్పనక్కఱలేదు. వెండితీగపై బంగారుపూత పూసినది మేలిజరీ. రాగితీగతో చేసినది నాసిరకము. చెమటయు, అత్తరును, చాలకాలము నిలిచిన తడియు రెండింటిని నల్లబఱచును.

రామచంద్రపురములో ఒక పెంకుటింట ఒక ముసలామె ఉండెడిది. మనుమలందఱకును మామ్మ. పట్టుబట్టల విషయమున ఇరుగుపొరుగువారు ఆమెను సలహా అడుగుచుండెడివారు. ఆ పేరు ఆమెకు ఊరక రాలేదు. ఒక చీర ఖరీదునకు వచ్చినది.

1996 నవంబరు 6 రాత్రి తూర్పు గోదావరి తీరమున పెను తుపాను విరుచుకొనిపడినది. వేయిమందికి పైగ ప్రాణములు పోయినవి. కొబ్బరితోటలు కూలినవి, కోతకు రానున్న వరి నీటమునిగినది. ఆ రాత్రి మామ్మ ఇంటి పెంకులు లేచిపోయి, గదిలోని ట్రంకుపెట్టెలోనికి వాన దిగినది. పెట్టెలో ఆమె పట్టుచీరలు రెండుండెను. ఒకటి పెండ్లినాటి కంచిపట్టు, పసుపువన్నెకు ఎఱ్ఱని అంచు. రెండవది ఆకుపచ్చని ఒంటిరంగు పట్టు. మఱునాడు ఉదయమున పైన నున్న ఆకుపచ్చచీరను తీసి, బురదనీరు పోవునట్లు మంచినీటిలో రెండుమాఱులు జాడించి, వసారాలో నీడను ఆరవేసినది. అంతలో ఇరుగింటి గోడ కూలిన కేకలు వినబడినవి. అందఱును అటు పరుగెత్తిరి. అడుగున నున్న పెండ్లిచీర సంగతి మూడునాళ్ళవఱకు ఎవరికిని జ్ఞప్తికి రాలేదు. ఆ సమయమున చీరను తలచుకొనుటయే తప్పుగ తోచెడి దినములవి.

నాలుగవనాడు పెట్టె తెఱచునప్పటికి మడతమడతలోను అంచుఎఱుపు పసుపులోనికి ప్రాకియున్నది. బూజు పట్టినచోట వ్రేలు తగిలినంతనే బట్ట విచ్చినది. తడిసినది రెండు చీరలును ఒక్కవాననే. ఒకటి బ్రతికినది, ఒకటి పోయినది. నీరు తగులుటకంటె, తడితో మడతలో నిలిచియుండుటయే పట్టునకు మృత్యువని మామ్మ ఆనాడు గ్రహించినది. పాడుకాని కొంగుభాగమును కత్తిరించి మనుమరాలికి లంగా కుట్టించినది. అది కుట్టుచుండగా ఆమె దర్జీ అంగడిలో కూర్చుండలేక బయట నిలుచుండినదని ఇంటివారు చెప్పుకొనెడివారు.

కొన్నియేండ్లకు ఆ ఇంటిలోనికి క్రొత్తరకపు బట్టలు వచ్చినవి. వాని లోపలి అంచున చిన్న చీటీలు కుట్టియుండెను. ఒక పెండ్లి విందులో మనుమరాలి క్రొత్త పట్టులంగాపై పప్పుచారు ఒలికినది. తాతగారి పట్టుకండువాపై నేయి పడినది. మూడునాళ్ళలో మఱియొక పెండ్లి. అంగడివాడు వారము గడువు అడిగినాడు.

“అత్తయ్యగారూ, లంగా చీటీమీద డ్రైక్లీను మాత్రమేనని రాసి ఉందండీ. ఇంట్లో తడిపితే పాడవదాండీ?” అని కోడలు సందేహించినది.

“చీటీ రాసినవాడి మాట కాదనను. కానీ ముందు అంచునే అడుగుదామమ్మా. అంచు ఒప్పుకుంటే నీళ్ళు, లేకపోతే లేదు” అని మామ్మ పలికినది.

అంచునడుగుట యనగా నిది. తెల్లని పాతబట్టముక్కను నీటిలో తడిపి, లంగా లోపలివైపున, ఎవరికిని కనబడనిచోట, ఒక్కొక్క రంగుపై నుంచి కొన్ని నిమిషములు అదిమిపట్టినది. నడిమి ఆకుపచ్చపై నుంచిన ముక్క తెల్లగనే వచ్చినది. అంచుపై నుంచిన ముక్కకు గులాబిరంగు అంటినది. మామ్మ ఆ ముక్కను కోడలి చేతిలో పెట్టి, లంగాను మడిచి, “ఇది అంగడికే పోవాలి. ఈ పెళ్ళికి పాత లంగా కట్టుకుంటుందిలే” అన్నది. పిల్ల ఏడ్చినది. అయినను మామ్మ మాట మారలేదు. తాతగారి కండువా ఒకేరంగు, జరీ లేదు. అద్దిన బట్ట తెల్లగ వచ్చినది. దానిని మాత్రము తొట్టిలోనికి దింపినది.

ఇక్కడ ఆ చీటీ సంగతి కొంత చెప్పవలసియున్నది. డ్రైక్లీనింగనగా తడి లేకుండ శుభ్రపఱచుట యని పెక్కుమంది తలంతురు. అది సరికాదు. అందులో నీరు లేదు గాని ద్రవమున్నది. జిడ్డును కరగించు రసాయనద్రవములో బట్టను త్రిప్పి తీయుదురు. అమెరికాలో థామస్ జెన్నింగ్స్ అను నల్లజాతి దర్జీ 1821లో ఇట్టి పద్ధతికొకదానికి పేటెంటు పొందెను. 1836లో పేటెంటు కార్యాలయము తగులబడినపుడు దాని వివరములును బూడిదయైనవి. పారిసులో దీపపునూనె ఒలికిన గుడ్డపై ఆ మేర మాత్రము శుభ్రమగుట చూచి జోలీ యను నతడు ఈ వృత్తికి నాందిపలికెనని ఒక కథ కలదు. తొలినాళ్ళలో కిరోసిను, పెట్రోలువంటి ద్రవములు వాడుటచే అగ్నిప్రమాదములు కలిగెడివి. 1930 తరువాత పెర్‌క్లోరోఎథిలీను అను మండని ద్రవము ప్రచారమునకు వచ్చినది. మంటభయము తీరినది గాని మఱియొక భయము మిగిలినది. ఆ ద్రవము మనుష్యులకు క్యాన్సరు కలిగించుటకు అవకాశమున్నదని శాస్త్రజ్ఞులు వర్గీకరించిరి. అమెరికా పర్యావరణసంస్థ 2024 డిసెంబరులో దీని వాడుకను క్రమముగ నిలిపివేయుటకు నిబంధనలు ప్రకటించినది. దానివలన ముప్పు ఎక్కువగ కలుగునది బట్టకట్టువారికి కాదు. దినమంతయు ఆ ఆవిరిలో నిలుచుండి పనిచేయు కార్మికులకు. అంగడినుండి తెచ్చిన బట్టను ప్లాస్టికు సంచినుండి వెంటనే తీసి గాలిలో వ్రేలాడదీయుట మేలు.

చీటీలపై గుర్తులుండును. నీటితొట్టి బొమ్మ ఉతుకుటకు, అందులో చేయి యున్నచో చేతితో మాత్రమే ఉతుకుటకు, తొట్టిపై అడ్డుగీటులున్నచో నీరు తగులరాదనుటకు. వట్టి వృత్తము డ్రైక్లీనింగు గుర్తు. వృత్తములో పి యను ఇంగ్లీషు అక్షరమున్నచో పైన చెప్పిన ద్రవము వాడవచ్చును. డబల్యు అక్షరమున్నచో నిపుణుల చేతిలో నీటితోనే శుభ్రపఱచవచ్చునని అర్థము. డ్రైక్లీను చేయవచ్చుననుటకును, డ్రైక్లీను మాత్రమే చేయవలెననుటకును భేదమున్నది. మొదటిది ఒక మార్గమును చూపును. రెండవది తక్కిన మార్గములను మూయును. ఆ ఒక్కమాటను చదువక తొందరపడి బట్టలు పాడుచేసికొనువారును, అనవసరముగ డబ్బు వెచ్చించువారును సమానముగనే యుందురు.

మామ్మ కండువా నుతికిన తీరు ఇట్టిది. మొదట నేయి మరకపై మెత్తని సుద్దపొడి చల్లి రాత్రియంతయు ఉంచి దులిపినది. పొడి జిడ్డును పీల్చుకొన్నది. పదిపన్నెండు కుంకుడుకాయలను చితుకకొట్టి, గింజలు తీసి, వేడినీటిలో నానబెట్టి, పిసికి, రసమును రెండుమాఱులు గుడ్డలో వడియగట్టినది. వడియగట్టనిచో తొక్కలు బట్టకంటి గోధుమవన్నె మరకలు పడును. రసము పూర్తిగ చల్లారిన పిదప తొట్టెడు నీటిలో కలిపినది. కుంకుడులో నురుగునిచ్చు పదార్థమును సపోనిను అందురు. దానికి సోడాసబ్బునందలి క్షారగుణము లేదు. కనుక పట్టునకు అది మిత్రము. కుంకుడునకు శాస్త్రజ్ఞులు పెట్టిన సపిండస్ అను పేరు సబ్బు, ఇండియా అను మాటల కలయికతో ఏర్పడినది. అది కంటిలో పడినప్పటి మంట తలంటుస్నానపు దినమున ప్రతి పిల్లవానికిని అనుభవమే.

కండువాను ఆ నీటిలో ముంచి, చేతితో మెల్లగ పైకిని క్రిందికిని నాలుగైదు నిమిషములు కదిపినది. రుద్దలేదు, మెలిపెట్టలేదు, నానవేయలేదు. మూడు నీళ్ళలో జాడించినది. నీరంతయు ఒకే చల్లదనముతో నుండునట్లు చూచుకొన్నది. పిదప పొడి తువాలుపై పఱచి, చాపవలె చుట్టి, అఱచేతితో ఒత్తగా తడి తువాలులోనికి దిగినది. వసారాలో, ఎండ పడనిచోట, దండెముపై పాతపంచె పఱచి దానిపై ఆరవేసినది. కొంచెము చెమ్మ ఉండగనే తిరగవేసి, పైన పలుచని నూలుగుడ్డ కప్పి, తక్కువ వేడి ఇస్త్రీ చేసినది. ఉన్నిశాలువకును ఇదే పద్ధతి; కాని దానిని దండెముపై వేయరాదు. నీటిబరువునకు సాగిపోవును గనుక చాపపై పఱచి ఆరనీయవలెను.

పట్టును నీటితో తడుపుట ఈ ప్రాంతమునకు క్రొత్త గాదు. మడికట్టుకొను ఇండ్లలో నూలుబట్టను ప్రతిదినము తడిపి ఆరవేయవలెను. పట్టునకా నిర్బంధము లేదు. అయినను పెద్దలు అప్పుడప్పుడు పట్టుపంచెను వట్టినీటిలో జాడించి, కఱ్ఱతో ఎత్తైన దండెముపై వేసెడివారు. మడికొఱకు చేసినను, చెమట ఉప్పు వదలుటచే ఆ పంచెలు తరతరములు నిలిచినవి.

కొన్ని పనులు ఇంట చేయనేరాదు. ఒక సీసాలో పెట్రోలు తెచ్చి తలుపులు మూసి మరకలు తుడుచుట అట్టిది. పెట్రోలు ఆవిరి నేలబారుగ ప్రాకి వంటింటి మంటను చేరగలదు. చీర దక్కించుకొనబోయి ఇల్లు కాల్చుకొనుట యగును. లోపల గుడ్డ వేసి కుట్టిన కోట్లు, మకమలు, పూసలను జిగురుతో అంటించిన బట్టలు నీటికి పనికిరావు. రంగు పోకుండ ఉప్పునీటిలో నానవేయవలెనను మాట ఊరూర వినబడును. కాని అద్దకములో నిలుకడ లేని రంగును ఉప్పు నిలుపజాలదు. పసుపు మరకకు సబ్బు రాచినచో మరక ఎఱ్ఱబాఱును. పిల్లలు దానిని చూచి భయపడుదురు. అది క్షారము తగిలినపుడు పసుపు చూపెడి సహజగుణమే. నూలుబట్టయైనచో ఉతికి ఎండలో వేసిన పసుపు వెలిసిపోవును. పట్టునకు ఎండ శత్రువు గనుక ఆ ఉపాయము పట్టునకు చెల్లదు.

దాచుటయందును జాగ్రత్త కావలెను. ప్లాస్టికు సంచిలో చెమ్మ చిక్కుకొనును. పాత నూలుపంచెలో చుట్టి బీరువాలో ఉంచుట మేలు. కలరా ఉండలు జరీకి తగులరాదు. కొన్నినెలల కొకమాఱు మడత మార్చవలెను. లేనిచో మడతచోటనే చీలిక పుట్టును. తుపాను తరువాత మామ్మ ట్రంకుపెట్టెను నేలపై నుంచుట మానినది.

పక్కబట్టల సంగతి ఇంతకంటె బరువైనది. పాతచీరలు పేర్చి కుట్టిన బొంతను ఇంటనే ఉదుకవచ్చును. తడిసిన బొంతను ఎత్తుటకు మాత్రము ఇద్దఱు కావలెను. దుప్పట్లను, గలీబులను 60 డిగ్రీల వేడినీటిలో ఉతికినచో దుమ్ములో నివసించు కంటికి కానరాని పురుగులు చచ్చును. ఉబ్బసమున్న పిల్లల ఇండ్లలో ఇది ముఖ్యము. పరుపును మాత్రము నీటిలో ముంచరాదు. డెల్టాలో పరుపులకు బూరుగుదూది ఎక్కువ వాడెడివారు. బూరుగుపోగు లోపల గుల్లగ నుండును, పైన మైనపుపూత యుండును. కనుకనే అది నీటిపై తేలును. పూర్వము ఓడలలో ప్రాణరక్షణకు ధరించు చొక్కాలలో దానిని కూరెడివారు. అయినను పరుపులో తడి చేరినచో దూది ఉండలుకట్టును, నడుమ బూజు పట్టును. పసిబిడ్డ తడిపిన పరుపును పొడిబట్టతో గట్టిగ అద్ది, వంటసోడా చల్లి, దులిపి, రెండువైపుల ఎండ చూపవలెను. ఉండలుకట్టిన దూదిని తీసి ఏకించెడివారు. దూది ఏకువారు వింటినారిని టంగుటంగున మ్రోగించుచు వీథిలోనికి వచ్చునపుడు పిల్లలందఱును వెంటబడెడివారు. ఒక్క పరుపులోని దూది విడివడి వసారా నిండుట వారికి వేడుక. ఇప్పుడు స్పంజి పరుపులు వచ్చినవి. ఆ మ్రోత అరుదైనది.

వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు. బండలు బయటపడును, రేవులు ఎండును. పరుపులు, బొంతలు, రగ్గులు మేడలపైకిని అరుగులపైకిని ఎక్కునది అప్పుడే. బోరునీటితో ఉతికినవారు సబ్బు నురుగు రాలేదని విసుగుకొందురు. ఆ నీటిలో సున్నపుపాలు ఎక్కువ. సబ్బుతో కలిసి తెల్లని మడ్డియై పట్టు నిగనిగను కప్పివేయును. అందుచే పట్టుబట్టలున్నవారు కాలువలు వదలువఱకు ఆగుదురు, లేదా వాననీరు పట్టుకొందురు. వరదకాలమున గోదావరి ఎఱ్ఱబాఱినపుడు కాలువయు ఎఱ్ఱబడును. ఆ నీటిని గంగాళములో పోసి, మట్టి అడుగునకు దిగి, పైనీరు తేటపడిన పిదప మామ్మ కుంకుడుకాయలు నానవేసెడిది.